ఒకే బడికి ఇద్దరు ఫస్టులు

పుష్పాబాయి ర్యాంకులు చదవదు.

నడిగూడెం దగ్గరి ఒక ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలుకు ఆమె ఇన్‌చార్జి హెడ్మాస్టరు. ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజు ముందు వచ్చిన తల్లిదండ్రులు ముందు తీసుకుంటారు. వరుస అంతే. ఎవరైనా తండ్రి ఆగి, "మావోడు ఎన్నోవోడు మేడం?" అని అడుగుతాడు.

"నీకు ఎన్నోవోడు?"

"రెండోవోడు."

"మరి గదే. రెండు."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వుతారు. తండ్రి కూడా నవ్వి కార్డు మడిచి జేబులో పెట్టుకుంటాడు. లోపల ఏమున్నదో ఇంటికి పోయాక ఎవరితోనో చదివించుకుంటాడు.

ఆమెది తుంగతుర్తి అవతల ఒక తండా. తండ్రి లింగ్యా మేకలు కాసేవాడు. సూర్యాపేట హాస్టల్లో ఉండి చదివింది. అక్కడి వార్డెన్ ర్యాంకుల వరుసలో పిల్లలను కూర్చోబెట్టి అన్నం పెట్టించేవాడు. ఆ సంగతి స్టాఫ్ రూములో అప్పుడప్పుడూ చెబుతుంది.

"ఫస్టోళ్ళకు పైన తేలిన నీళ్ళు. చివరోళ్ళకు అడుగున గట్టి పప్పు. మేం నడిమిట్ల ఉండేటోళ్ళం. మాకేమొచ్చిందో ఇప్పుడు యాదికి కూడా లేదు."

"గందుకేనా మేడం, ర్యాంకులంటే పడదు?" అన్నాడు లెక్కల మాస్టారు ప్రభుదాస్ ఒకసారి.

"కాదు. పప్పంటే పడదు."

టీచరు ఉద్యోగం వచ్చాక మొదట ఆ ఊరి ప్రైమరీ బడిలోనే చేరింది. తర్వాత ప్రమోషన్ మీద గోడ అవతలి హైస్కూలుకు మారింది. ఒకటో తరగతిలో చేయి పట్టి అక్షరాలు దిద్దించిన పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి మళ్ళీ ఆమె ముందే కూర్చున్నారు. పొడుగయ్యారు. గొంతులు మారాయి. ఆమె మాత్రం పలక పోగొట్టుకున్నవాడిని పలక పోగొట్టుకున్నవాడిగానే చూసేది.

పదో తరగతి మెమోల మీద మార్కులు లేకుండా గ్రేడ్లు మాత్రమే వస్తున్న సంవత్సరాలవి. ఆమెకు అది నచ్చింది. ఒకే గ్రేడు కింద నలుగురు పిల్లలు, ఒకే చాప మీద కూర్చున్నట్టు.

ఒక ఏడు పూజకూ ఉపేందర్‌కూ బడిలో అందరికంటే ఎక్కువగా, ఒకే పాయింట్లు వచ్చాయి. సబ్జెక్టుల వారీగా చూసినా తేడా లేదు. పూజ తండా పిల్ల. తల్లి సాలి కూలికి పోతుంది. ఉపేందర్ ఊరి పిల్లవాడు. తల్లి బాలమ్మ కూడా కూలికే పోతుంది. నాట్లయినా కలుపైనా ఇద్దరూ ఒకే ముఠా.

మిర్యాలగూడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉంది. ఒక్కో సర్కారు బడి నుంచి స్కూల్ ఫస్ట్ వచ్చిన ఒకరికి అక్కడ ఇంటర్ ఉచితం, హాస్టలుతో సహా. ఫలానా విద్యార్థి స్కూల్ ఫస్ట్ అని హెడ్మాస్టరు రాసి ఇవ్వాలి.

ముందు ఉపేందర్ వచ్చాడు. రాసిచ్చింది. తర్వాత పూజ వచ్చింది. పూజకూ రాసిచ్చింది.

ముద్ర వేస్తుంటే ప్రభుదాస్ చూశాడు. "మేడం, ఇద్దరికి రాసిండ్రు."

"ఇద్దరూ ఫస్టే గద."

"వాళ్ళకు ఒక్కలే గావాలె."

"వాళ్ళకు గావాలె. నాకెందుకు?"

వారం తిరక్కుండానే కాలేజీ ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. వచ్చి తేల్చి పొమ్మన్నాడు.

పిల్లలిద్దరినీ తల్లులిద్దరినీ వెంటబెట్టుకొని పుష్పాబాయి కోదాడలో బస్సెక్కింది. తల్లులు ఒక సీట్లో కూర్చొని హుజూర్‌నగర్ దాకా ఎవరి పొలంలో కలుపు ఎట్లా ఉందో మాట్లాడుకున్నారు. పిల్లలు చెరొక కిటికీ చూసుకున్నారు. సీటు ఒక్కటే అని నలుగురికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కాలేజీ గోడ నిండా ఫ్లెక్సీ. పిల్లల ముఖాలు, ముఖాల పక్కన అంకెలు. పుష్పాబాయి కాసేపు నిలబడి చూసి లోపలికి వెళ్ళింది.

ప్రిన్సిపాల్ కృష్ణా జిల్లా మనిషి. మర్యాద తెలిసినవాడు. తల్లులకు కూడా కుర్చీలు వేయించాడు. రెండు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"మేడం గారూ, ఒక స్కూల్లో ఇద్దరు ఫస్టులు ఎలా ఉంటారండీ?"

"బయట మీ బోర్డు మీద ఎంతమందికి ఒకటి వేసిండ్రు సార్?"

ఆయన నవ్వాడు. "అది పబ్లిసిటీ అండీ. ఇది సీటు. నాకున్నది ఒక్కటే."

"మరి గ్రేడ్లు సూడండి. ఎట్ల విడదీస్తరు?"

"చూశాను. సమానంగా వస్తే వయసులో పెద్దవాళ్ళకు ఇస్తాం. అన్నిచోట్లా అదే పద్ధతి." మెమోలు తీసి పుట్టిన తేదీలు చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇద్దరిదీ జూన్ ఐదు. సంవత్సరం కూడా ఒకటే. కవలలా ఏంటండీ?"

"ఆ ఏడు నా బడిల చేరినోళ్ళందరిదీ జూన్ ఐదే సార్."

"అందరిదీనా?"

"ఇంట్ల తేదీ ఎవలకు తెల్వదు. వయసు సరిపోయేటట్లు నేనే రాసిన. తలో తేదీ రాస్తే నాకు యాదికుండాలె గద."

ప్రిన్సిపాల్ పెన్ను మూత పెట్టి తీశాడు. ఆయనకు నవ్వొచ్చింది, పని మాత్రం తెమల్లేదు. తల్లుల వైపు తిరిగాడు. "పోనీ మీరు చెప్పండమ్మా. అసలు వీళ్ళెప్పుడు పుట్టారు?"

బాలమ్మ పైట సర్దుకుంది. సాలి మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది. ఆ ముచ్చట ఆమె చాలాసార్లు చెప్పింది. పొలాల్లో, పెళ్ళిళ్ళలో, అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు.

"వీడు పుట్టిన్నాడు నేను గాడనే ఉన్న సార్. నాట్లేస్తున్నం. బాలమ్మ నా పక్కపొంటే ఉన్నది. వంగింది, మళ్ళ లేవలే. నేనే గట్టు మీదికి గుంజుకొచ్చిన. యూరియా బస్తాల ట్రాక్టర్ పోతుంటే అడ్డం నిలబడి ఆపిన."

"ఊకోవే సాలీ. గా ముచ్చట ఇప్పుడెందుకు?" అంది బాలమ్మ.

"సార్ అడుగుతుండు గద. బస్తాల మీద ఈమె, పక్కన నేను. నాకప్పుడు ఐదో నెల. ఆమె కడుపు, నా కడుపు, గతుకు వచ్చినప్పుడల్లా ఒకదానికొకటి తాకుడు. నడిగూడెం దవాఖాన గేటు దాటలే, వీడు బయటికొచ్చిండు."

సాలి నవ్వుతూ అందరినీ చూసింది. ఎవరూ నవ్వలేదు. ఆమె నవ్వు ఇంకా కాసేపు ముఖం మీదే ఉంది.

"అయితే అబ్బాయి నాలుగు నెలలు పెద్దవాడన్నమాట," అన్నాడు ప్రిన్సిపాల్ నెమ్మదిగా.

పూజ తల్లిని చూసింది.

"సార్, ఆమెకు సరిగ యాదికుండదు," అంది బాలమ్మ గబగబా. "పనుల మీద పని. ఏ ఏడో ఏందో."

"నాకెందుకు యాదికుండదే?" సాలికి కోపం వచ్చింది. "నీ కొడుకును ముందుగాల ఎత్తుకున్నది ఎవలు? నువ్వా, నేనా?"

బాలమ్మ తల వంచుకుంది. అప్పటికి సాలికి అర్థమైంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకొని వాటినే చూస్తూ కూర్చుంది.

ప్రిన్సిపాల్ పుష్పాబాయి వైపు చూశాడు. "ఇదంతా కాగితాల్లో లేదు మేడం గారూ. మీరు హెడ్మాస్టరు. ఎవరి పేరు చెబితే వాళ్ళ పేరే రాసుకుంటాను."

పుష్పాబాయి పిల్లలిద్దరినీ చూసింది. ఉపేందర్ చెప్పుల్లో కాలివేళ్ళు కదుపుతున్నాడు. పూజ కదలడం లేదు. ఇన్నేళ్ళలో ఒక పేరు పక్కన ఇంకో పేరు పెట్టి ఇది ముందు, ఇది వెనక అని ఆమె అనలేదు. పంకా తిరుగుతోంది. పేపర్‌వెయిట్ కింద ఉత్తరాల అంచులు లేచి పడుతున్నాయి.

"ఉపేందర్ పెద్దోడు సార్. వాడికి రాయండి."

పూజ కోసం రాసిన ఉత్తరం వెనక్కి తీసుకుంది. అందులో తప్పేమీ లేదు. మడిచి సంచిలో పెట్టుకుంది.

బయట వరండాలో పూజ ఆమె ముందుకొచ్చి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. కోపం ఉంది.

"అయితే నేను సెకండా మేడం?"

"కాదు. నువ్ సిన్నదానివి. గంతే."

"గదీ గిదీ ఒకటే గద."

"ఒకటి కాదు. సెకండ్ అయితే నువ్ ఇంకా సదవాల్సుండె. సిన్నదానివైతే ఏం జేస్తవ్?"

పూజ ఆలోచించింది. ఉపేందర్ వైపు తిరిగింది. "నువ్ కూడ ఏం జెయ్యలే. తొందరపడ్డవ్."

"నేనేం జెయ్యాలె మరి?" అన్నాడు వాడు, నిజంగా అడుగుతున్నట్టు. బాలమ్మ ముఖం అటు తిప్పుకొని నవ్వింది.

తిరిగి వస్తుంటే బస్సులో సాలి పుష్పాబాయి పక్కన కూర్చుంది. నేరేడుచర్ల దాటాక తమ తండా భాషలో అడిగింది. "బాయీ, నేను నోరు మూసుకొని కూర్చోవలసిందా?"

పుష్పాబాయి కిటికీ బయటికి చూసింది. కాలువ వచ్చింది, వెళ్ళిపోయింది.

"కూర్చుంటే సీటు వచ్చేదేమో."

"మరి?"

"బాలమ్మ ముందు కూర్చోగలిగేదానివా?"

సాలి వెనక్కి తిరిగి చూసింది. బాలమ్మ నిద్రపోతోంది. పూజ తల ఆమె భుజం మీద ఉంది, పిల్ల కూడా నిద్రే. సాలి ముందుకు తిరిగి కూర్చుంది.

మర్నాడు పుష్పాబాయి ఒక పూట సెలవు పెట్టి పూజతో కోదాడ సర్కారు జూనియర్ కాలేజీకి వెళ్ళింది. వరుసలో పిల్ల వెనకే నిలబడింది. ఎండగా ఉంది. వరుస మెల్లగా జరుగుతోంది. వాళ్ళ వంతు వచ్చినప్పుడు కిటికీలోని గుమాస్తా మెమో తీసుకొని తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం గ్రూపమ్మా?"

పూజ టీచరమ్మ వైపు చూడలేదు.

"బైపీసీ," అంది.