ఐదు కోర్సులూ డ్రాప్

ఢిల్లీ యూనివర్సిటీల్లో ఒకదానిలో సీటు సంపాదించడానికి నాకు రెండేళ్లు పట్టింది. దాన్ని పోగొట్టుకోవడానికి ఒక బాల్‌పెన్నూ, పది నిమిషాలూ సరిపోయాయి. చదువుకున్న మనిషి ఇంతకన్నా ఘోరం చేసినట్టు మీరెక్కడైనా విని ఉంటే దయచేసి చెప్పండి, నాకు కాస్త ఊరటగా ఉంటుంది.

రెండువేల దశకం తొలినాళ్లు. ఏలూరు నుంచి ఎమ్మే ఎకనామిక్స్ చదవడానికి వెళ్లాను. ఢిల్లీ సాకేత్‌లో, నర్సుగా పనిచేసే మా రూతు పిన్ని ఇంట్లో మకాం. డిగ్రీలో కాలేజీ ఫస్టు వచ్చినదాన్ని కాబట్టి, ఎవరినైనా సందేహం అడగడమంటే నడిబజారులో చెప్పు తెగినంత నామోషీ నాకు.

ఏ కోర్సులు తీసుకోవాలో చెప్పడానికి అక్కడ ప్రతి విద్యార్థికీ ఒక ప్రొఫెసర్‌ని అప్పగించేవారు. నాకు భాటియా మేడమ్ వచ్చారు. తెల్లజుట్టు, బక్కపలచటి మనిషి, ఎప్పుడూ పరుగే. మొదటి రోజు గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాకేం వచ్చో ఏం రాదో ఓపిగ్గా కనుక్కుని, ఐదు కోర్సులు ఎంచి రిజిస్టర్ చేయించారు.

"ఏమైనా డౌట్ ఉందా, బేటా?"

"నో మేడమ్."

పని అక్కడితో అయిపోయింది. నేను ఊరుకుని ఉంటే మీకు ఈ కథే లేదు. వారం తర్వాత ఆఫీసు బల్ల మీద ఇంకో ఫారాల దొంతర కనిపించింది. కోర్సులు మార్చుకునేవాళ్లకు మాత్రమే అని పైన చిన్న అక్షరాల్లో రాసి ఉందట. చిన్న అక్షరాలు చిన్న బుర్రలకి అనుకుని నేను చదవలేదు. కింద రెండు గడులు. ఒకటి "యాడ్", రెండోది "డ్రాప్".

ఇక్కడ నా మేధస్సు ఎలా పనిచేసిందో చూడండి. యాడ్ అంటే అదనం. ఐదు చాలక ఆరోది కూడా కావాలనే ఆశపోతులకి. మరి డ్రాప్? మా ఊళ్లో "రావే, కాలేజీ దగ్గర డ్రాప్ చేస్తా" అంటే బండి మీద దింపడమే కదా! అంటే ఈ ఐదు క్లాసుల దగ్గరా నన్ను దింపుతారన్నమాట. ఐదు కోర్సుల పేర్లూ ఆ గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

మేడమ్ మెట్ల మీద దొరికారు. "అచ్ఛా, అంతా సరిగ్గా రాశావా?"

"యెస్ మేడమ్."

కాగితం గోడకి ఆనించి సంతకం గీకి, పరుగెత్తారు. నేను దాన్ని దర్జాగా ఆఫీసులో ఇచ్చేశాను.

తర్వాతి వారం నుంచి హాజరులో నా పేరు వినబడడం మానేసింది.

"కొక్కిరిగడ్డ సువార్త అని పలకడం చేతకాక వదిలేస్తున్నారు పిన్నీ, పాపం," అన్నాను ఇంటికొచ్చి.

పిన్ని యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ, "అడగొచ్చుగా?" అంది.

"ఎందుకులే, వాళ్లని చిన్నబుచ్చడం."

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నేను అడక్కుండానే యూనివర్సిటీ విస్తరి వేసి, విసనకర్రతో విసురుతుందనుకున్నాను. రెండు వారాలు చూసి, జాలి తలచి, నా ఇంటిపేరును ముక్కలు ముక్కలుగా కాగితం మీద రాసి స్టాటిస్టిక్స్ సార్‌కి ఇచ్చాను. ఆయన ఒక్క తప్పు లేకుండా పైకి చదివారు.

"చాలా మంచి పేరు. కానీ నువ్వెవరమ్మా? నా లిస్టులో లేవే!"

ఆఫీసుకి పరుగెత్తాను. గుమాస్తా ఫైలు తిరగేసి చల్లగా చెప్పాడు. "మేడమ్‌జీ, మీరు ఏ కోర్సులోనూ లేరు. ఐదూ మీరే వదిలేసుకున్నారు. మార్పులకి గడువు మొన్ననే అయిపోయింది. ఇక వచ్చే ఏడాదే."

నా కాళ్ల కింద ఢిల్లీ కదిలింది. డబుల్ డ్యూటీలు చేసి నన్ను చదివిస్తున్న పిన్నికి ఏం చెప్పను? ఏడుస్తూ మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ ఫారం చూశారు.

"ఐదుకి ఐదూ డ్రాపా? క్యోం, బేటా?"

వెక్కుతూ మా ఏలూరు భాషాశాస్త్రమంతా వివరించాను. మేడమ్ పెదవులు బిగపట్టారు. భుజాలు కదిలాయి. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. తిట్ల కోసం తల వంచుకున్న నాకు, ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారని తెలియడానికి నిమిషం పట్టింది.

"చలో," అని లేచి, మండుటెండలో నన్ను పెద్ద ఆఫీసుకి నడిపించారు. అక్కడి అధికారి, "గడువు దాటింది, రూల్స్ ఒప్పుకోవు," అన్నాడు.

"ఆ సంతకం ఎవరిది?" అడిగారు మేడమ్.

"మీదే."

"చదవకుండా పెట్టాను. ఈ పిల్ల కొత్తది, నేను పాతదాన్ని. తప్పు నాది. రాసిస్తాను."

అక్కడే కూర్చుని రాసిచ్చేశారు. అంత పెద్దావిడ నా తెలివితక్కువతనాన్ని తన పేరు మీద వేసుకుంటుంటే, నేను కాలేజీ ఫస్టన్న సంగతి మొదటిసారి మరిచిపోయాను. అధికారి ఆ కాగితం రెండుసార్లు చదివి, నిట్టూర్చి, ముద్ర వేశాడు.

బయటికొచ్చాక, "మేడమ్, నావల్ల మీరు..." అంటూ మళ్లీ మొదలుపెట్టాను.

"అరే, అడగడానికి నువ్వు సిగ్గుపడ్డావు, చదవడానికి నేను బద్ధకించాను. ఇద్దరం బరాబర్. ఇకనుంచి ప్రతి సోమవారం నా గదికి రా. డౌట్ లేకుండా వస్తే లోపలికి రానివ్వను."

రెండేళ్లు వెళ్లాను. నాకొచ్చిన డిగ్రీలో సగం ఆ గదిలో వచ్చిందే. ఆవిడ ఆ రోజు కుర్చీలోంచి లేవకపోయి ఉంటే, మిగతా సగమూ వచ్చేది కాదు.

ఇంతకీ మర్నాడు క్లాసులో ఏం జరిగిందో చెప్పలేదు కదూ. స్టాటిస్టిక్స్ సార్ హాజరు తీస్తూ, గంట కొట్టినట్టు పిలిచారు. "కొక్కిరిగడ్డ సువార్త!"

ఆహా! నేను కళ్లు మూసుకుని విన్నాను. ఎంత తన్మయంగా విన్నానంటే, పలకడం మరిచిపోయాను.

"ఆబ్సెంట్," అని రాసుకున్నారు సార్.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక తెలియనిదాన్ని తెలియదనే చెబుతాను. నన్నెవరైనా పిలిస్తే ముందు పలుకుతాను, ఆ తర్వాతే మురిసిపోతాను.