నాయన వీపు తిప్పి కూర్చున్న సాయంత్రం

సాయంత్రం ఆరుంపావుకు నాయన పెరట్లోకి వచ్చాడు. మెదక్‌లోని మా ఇంటి వెనక అన్న తాటికమ్మలతో పందిరి వేసి, వేపమొద్దు మీద పెద్ద నోరున్న ముఖం చెక్కించి నిలబెట్టాడు. బొంబాయిలో అతను పనిచేసే హోటల్లో, ఎక్కడో దూరపు దీవుల పద్ధతిలో అలాంటి గది ఉందట. దాన్ని టికీ బార్ అంటారట. రమ్ములో అనాసరసం, నిమ్మరసం కలిపి కొబ్బరిచిప్పలో ఇస్తారట. మరునాడు అన్న తిరిగి వెళ్లాలి. ఈలోగా నాయనతో కలిసి ఒక్కసారి తాగాలని అతని కోరిక. కానీ మా ఇళ్లల్లో కొడుకు తండ్రి ముందు తాగడు.

"గిది మన కల్లు కంపౌండే గదరా! గిది సూడనీకి బొంబాయి దాంక పోయినవా?" అన్నాడు నాయన.

"కంపౌండ్ల గిసొంటి మొకం లేదు గద నాయినా," అన్నాడు అన్న.

"ఎందుకు లేదు? కల్లు పోసేటోని మొకం గట్లనే ఉంటది."

నాయన చిప్ప అందుకుని, అన్నకు వీపు తిప్పి చాప మీద కూర్చున్నాడు.

"ఇగ నువ్వు గూడ తాగు. నేను సూస్తలేను."

అన్న కూడా అటు తిరిగి కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా తాగుతూ మాట్లాడుకున్నారు. ఆ తర్వాత అన్న సెలవుకు వచ్చిన ప్రతిసారీ అలాగే కూర్చునేవారు.

నాయన కన్నా ముందే అన్న చనిపోయాడు. నాయన తాగడం మానేశాడు. మా పెరట్లో ఇప్పుడెవరూ తాగరు.