బెల్లం చూపుతో కొన్న వాల్వు

మామగారి ఎదుట అల్లుడు పరువు పోగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. నేను హైడ్రాలిక్ వాల్వు దారిన వెళ్ళాను. చెబుతాను గానీ, కాస్త మెల్లిగా నవ్వండి. మా ఆవిడ పక్కగదిలోనే ఉంది.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. దిమ్మను ఎత్తి, వేలితో తట్టి, రంగు చూసి సరుకు తేల్చేస్తాం. ఈ విద్య ఒక్క బెల్లానికే పనికొస్తుందని పెళ్ళయిన రెండో ఏడు దాకా నాకెవరూ చెప్పలేదు.

ఆ ఏడు కశింకోట దగ్గర మామగారి చెరకు నరుకుతున్నారు. గానుగకి తోలడానికి మా ట్రాక్టరు పంపుతానని నేనే గొప్పగా మాటిచ్చాను. రెండో లోడుకే ట్రాలీని పైకెత్తే వాల్వు పోయింది. ట్రాలీ సగం లేచి, బద్ధకంగా మళ్ళీ కూర్చుండిపోతోంది. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే రసం తగ్గిపోతుంది. మామగారు నావైపోసారి, చెరకువైపోసారి చూస్తున్నారు.

"రేపటికల్లా కొత్తది ఏయించేత్తాను మావయ్యా!" అన్నాను.

మెకానిక్ అప్పలనాయుడు నాకు వరసకి బావ. "కొనేముందు ప్రెజర్ పెట్టి టెస్ట్ సేయించు బావా. వాల్వంటే బెల్లం కాదు," అన్నాడు.

"ఊరుకో బావా! తాతలనాటి నుంచి సరుకు సూసిన ఇంట్లో పుట్టేను. నాకు సెప్తావేటి?"

ఎలమంచిలిలో ఒక స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళాను. వాల్వుని ఎత్తాను, బరువుంది. తట్టాను, ఖంగుమంది. రంగు నిగనిగలాడుతోంది. చిన్న ముక్క విరిగొచ్చేదైతే నోట్లో కూడా వేసుకుని చూసేవాణ్ణే. ఇంటికి తెచ్చి, మా బస్తాల మీద వేసే గుర్తు, అదే, సున్నాలో మూడు చుక్కలు, ఆకురాయితో దాని అడుగున గీశాను. వ్యాపారస్తుడి సరుకు గుర్తు లేకుండా ఉండకూడదు కదా!

నాలుగు లోడ్లకి అది చేతులెత్తేసింది. ట్రాలీని మాత్రం ఎత్తలేదు.

అప్పలనాయుడు విప్పి చూశాడు. "లోపలంతా అరిగిపోయింది. పాత సామాన్లోడికి ఇచ్చేముందు సుత్తితో రెండేసి పగలగొట్టేయి. నేకపోతే రంగేసి ఇంకెవుడికో అంటగట్టేత్తారు."

పగలగొట్టడమా! బెల్లం ఇంట్లో పుట్టినవాడు నిండు దిమ్మను పగలగొడతాడా? చెయ్యి రాదు. "అంటగడితే కొనుక్కున్న ఎర్రోడిది తప్పు గానీ మనదేటి?" అని మామగారు వింటుండగానే అన్నాను. వాల్వుని పాత సామాన్లవాడికి నిండుగానే అమ్మేశాను.

మళ్ళీ ఎలమంచిలి. కొట్టతను నొచ్చుకున్నాడు. "అలాగయిందేటి బాబూ! ఆ సప్లయర్‌ని మానిపించేసేను. ఇప్పుడు బాగా నమ్మకమైనోడు దొరికేడు. వారం ఆగండి, సరుకొత్తాది."

ఆ వారమంతా లోడ్లు చేత్తోనే దించాం. మామగారు తలకి తువ్వాలు చుట్టి తనూ దిగారు. ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

వారం తిరిగేసరికి నీలంరంగు వాల్వు వచ్చింది. ఎత్తాను, తట్టాను. ఖంగుమంది. "సరుకంటే ఇదండీ!" అని కొట్టతన్ని మెచ్చుకున్నాను కూడా.

ఆఖరి లోడు. ట్రాలీ సగం లేచింది, నూనె చిమ్మింది, మళ్ళీ కూలబడింది. పైన పటారం, లోన లొటారం! అప్పలనాయుడు వాల్వుని విప్పి గుడ్డతో తుడిచాడు. నీలం రంగంతా గుడ్డకి వచ్చేసింది. తుడవడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"బావా, ఈ గుర్తేటి?"

సున్నా. లోపల మూడు చుక్కలు.

ఆటో ఎక్కి ఎలమంచిలి వెళ్ళి కొట్టుమీద పడ్డాను. "ఎవడయ్యా నీ నమ్మకమైన సప్లయరు?"

"పాత సామాన్లోడు బాబూ! ఆడికి అనకాపల్లిలో ఎవరో బెల్లం షావుకారు దొరికేడంట. పాడైన వాల్వుని పగలగొట్టకుండా నిండుగా ఇచ్చేత్తాడంట. అలాటి మారాజు దొరకడం మా అదృష్టం!"

తిరిగొచ్చేసరికి అప్పలనాయుడు ప్రెజర్ పెట్టి చూసిన వాల్వు తెచ్చి బిగించేశాడు. ఆఖరి చెరకు గానుగ దగ్గర ఒక్క ఊపులో దిగింది. మామగారు తువ్వాలు దులుపుకుంటూ, పది రోజుల్లో మొదటిసారి నోరు విప్పారు.

"అల్లుడుగారూ, మొత్తానికి ఆ కొనుక్కున్న ఎర్రోడు దొరికేడన్నమాట!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వాల్వు అమ్మనేల, అదే వాల్వు కొననేల అంటున్నాను నేను. మా కొట్లో కాటా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఈ వేలు బెల్లాన్ని తప్ప దేన్నీ తట్టదు. పోయిన వాల్వుని మాత్రం, మామగారిని ఎదురుగా కూర్చోబెట్టి మరీ, సుత్తితో పగలగొడతాను.