కాలు అందని చోట

మంటల్లోకి జంకకుండా పోయే ఫైర్‌మన్ సైదులు, చెరువులో మాత్రం బొటనవేలితో నేల తడుముకుంటూ అడుగేస్తాడు. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, నడుం లోతులో గొర్రెలను కడిగినవాడే. కాలు అందని చోటికి ఎన్నడూ పోలేదు. వరద బృందంలో ఉండాలంటే ఈ రోజు పోక తప్పదు. శిక్షణలో మునిగేవాడి వేషం తోటి ఫైర్‌మన్ పరమేష్‌ది.

“అన్నా, జల్ది రారాదే! నువ్వొచ్చేసరికి నిజంగనే సచ్చేటట్టున్న!” అని లోతులోంచి నవ్వుతూ అరిచాడు.

ఇంకో అడుగు వేయగానే సైదులు కాలికింద నేల తప్పింది. లైఫ్ జాకెట్ ఉన్నా నీళ్లు మింగాడు. ఎలాగో పరమేష్‌ను చేరి, వెనక నుంచి అతని గడ్డం పట్టి, గొర్రెను లాగినట్టు ఒడ్డుకు లాగాడు.

“ఇడువన్నా, ఒడ్డుకొచ్చినం. దవడ ఊడొస్తది!”

“ఇడువాలనే చూస్తున్న తమ్మీ,” అన్నాడు సైదులు. “చెయ్యే నా మాట ఇంటలేదు.”