రంజాన్ నాటి మిస్డ్ కాల్

మా తమ్ముడు ఇల్లు వదిలి వెళ్ళాక, వాడు బతికే ఉన్నాడని మాకు తెలిసేది ఏటా రంజాన్ రోజు మా అబ్బా ఫోనుకు వచ్చే మిస్డ్ కాల్ వల్లే. కాస్త మోగి ఆగిపోయేది. తిరిగి చేస్తే ఏ లారీ డ్రైవరో, టీ కొట్టువాడో ఎత్తి, ఆ కుర్రాడు వెళ్ళిపోయాడని హిందీలో చెప్పేవాడు.

మా గాజుల కొట్టులో కూర్చోమంటే వాడు కూర్చోలేదు. గొడవంతా అదే. "నా గడప తొక్కకు" అన్నారు అబ్బా. తొక్కలేదు వాడు. మొండితనంలో ఆ తండ్రికి తగ్గ కొడుకే. కానీ పండగనాడు నమాజు నుంచి రాగానే ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేది ఆయనే. సేమ్యా చల్లారిపోయేది. ఫోను మోగి ఆగాక, "ఉన్నాడులే" అని గిన్నె అందుకునేవారు.

ఆ ఫోనులో సిమ్ము అబ్బా కొన్నది, అనకాపల్లిలో చెరకు బండి తోలేవాళ్ళ చేతికి కూడా ఫోన్లు వచ్చిన కొత్తలో. మా రోడ్డులో ఆ సిమ్ము కంపెనీ బొమ్మ లేని గోడ ఉండేది కాదు. తర్వాత ఇంకో పెద్ద కంపెనీ ఇంటర్నెట్ ఊరికే ఇస్తానంటూ దిగింది. ఊరంతా ఎగబడింది, నేనూ ఎగబడ్డాను. పాత కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎద్దులూ ఎద్దులూ పోట్లాడి లేగల కాళ్ళు విరగదొక్కినట్టు, ఆ పోటీ మా ఇంటి మీదికే వస్తుందని అప్పుడు తోచలేదు. ఉచితం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ మండుతుంది.

అబ్బా గుండెపోటుతో పోయిన ఏడాదే ఆయన సిమ్ము కంపెనీ కూడా మూసేస్తున్నామని మెసేజ్ పెట్టింది. నంబరు నిలవాలంటే వేరే కంపెనీకి మార్చుకోవాలట. తమ్ముడికి ఆయన పోయిన సంగతి తెలియదు. నా ఫోను వాడు వెళ్ళాక కొన్నది. వాడికి కంఠతా వచ్చిన నంబరు అబ్బాది ఒక్కటే. అమ్మీని వెంటబెట్టుకుని సెల్ షాపుకు పరిగెత్తాను.

షాపతను వేలిముద్ర మిషను ముందుకు జరిపాడు. "సిమ్ము ఎవలి పేరునుందో ఆలే ఏలెట్టాల. పిలుసుకురండక్కా, రెండు నిమిషాల పని."

అతని తప్పేం లేదని తెలిసీ నేను అరిచేశాను. అతను తల దించుకుని, ముందు కంపెనీ ఆఫీసులో పేరు మార్పించుకోమన్నాడు. విశాఖ వెళ్ళాం. ఆఫీసుకు తాళం వేసి ఉంది. బోర్డు కూడా దించేశారు.

ఆ రంజాన్‌కు అబ్బా ఫోను మోగలేదు. మోగదని తెలిసి కూడా అమ్మీ దానికి ఛార్జింగ్ పెట్టింది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. మధ్యాహ్నం నా ఫోను అడిగి తీసుకుని అబ్బా నంబరు కొట్టింది. ఈ నంబరు లేదని ఓ ఆడగొంతు చెప్పింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అదే.

"ఆడు సేసినా ఇదే సెప్తాదా?" అంది.

"అవునమ్మీ."

ఫోను నా చేతిలో పెట్టింది.

"మీ అబ్బాకి ఇంకా కోపం పోలేదనుకుంటాడే" అంది.