పెన్సిలమ్మ దిద్దని మాటలు

శాసనసభలో సభ్యులు నోటికొచ్చినట్టు మాట్లాడతారు, అచ్చులో మాత్రం పెద్దమనుషుల్లా మాట్లాడతారు. ఆ మధ్యలో జరిగే మాయ పెన్సిలమ్మది. ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సభాపతి కుర్చీ కింద చిన్న బల్ల దగ్గర కూర్చుని పది నిమిషాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటుంది. తన వంతు అవగానే లేచి వెళ్ళి టైపు చేస్తుంది. విన్నది విన్నట్టు ఎవరూ టైపు చెయ్యరు. బూతులు తీసేస్తారు, తలాతోకా లేని మాటలకి ఆ రెండూ తగిలిస్తారు. "ఏయ్, కూర్చోవయ్యా!" అన్నది "గౌరవ సభ్యులు ఆసీనులు కావాలని మనవి" అయిపోతుంది. ఇది ఏ నిబంధనల్లోనూ లేదు, ఉత్త మర్యాద. మాట్లాడినవాళ్ళు కింద సంతకం పెట్టాక అచ్చుకి వెళ్తుంది. కెమెరాలు లోపలికి రానివ్వరు కాబట్టి అచ్చులో ఏముంటే అదే జరిగినట్టు.

పదకొండేళ్ళుగా ఆవిడ ఎక్కువగా సర్దింది సంక్షేమ మంత్రి మాటలే. జనం ఆయన్ని ముద్దుగా పిల్లల మామయ్య అంటారు. పసిపిల్ల కనబడితే చాలు, చంకనేసుకుని ఫొటో దిగుతాడు. ఆ మామయ్య ఒకప్పుడు దిక్కులేని ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్. పెన్సిలమ్మా, ఆవిడ చెల్లెలూ ఆ హాస్టల్లోనే పెరిగారు.

చెల్లెలికి ఏడేళ్ళప్పుడు చెవిపోటు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. డాక్టర్ని పిలవమని పదకొండేళ్ళ అక్క వార్డెన్ కాళ్ళమీద పడింది. "నాటకాలా?" అని వాడు ఇద్దర్నీ సామాన్ల గదిలోకి తోసి గొళ్ళెం పెట్టాడు. మూడో రోజు తలుపు తీసేసరికి చెల్లెలు అక్క పెదాల వంక చూస్తోంది గానీ మాట వినడం లేదు. ఆ సాయంత్రమే రిజిస్టరులో 'పుట్టుచెవుడు' అని రాసేశాడు పాపిష్టివాడు. తర్వాత ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా ఆ ముక్కే చూపించి పంపించేవారు. చెల్లెలు ఇప్పటికీ కుట్టుమిషను ముందు కూర్చుని, ఎవరైనా పుట్టుచెవుడా అని సైగ చేస్తే, "కాదు, కాదు!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది.

మంత్రి అయిన కొత్తలోనే వాడు ఆ గది కథ సభలో జోకులా చెప్పాడు. అప్పుడు బల్ల దగ్గరున్నది పెన్సిలమ్మే. అలవాటు కొద్దీ కొంత, భయం కొద్దీ కొంత, "పిల్లలకు క్రమశిక్షణ అవసరమని మంత్రి అభిప్రాయపడ్డారు" అని టైపు చేసి ఇచ్చేసింది. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి వాడి మీద ఎంత కసో తన మీదా అంత కసి. ఆ రిజిస్టరు ముక్క వాడి నోటితోనే, వాడి సంతకంతోనే కొట్టేయించాలి. ఉద్యోగం ఇక మూడు నెలలే ఉంది.

అప్పుడు వచ్చింది టీచరమ్మ. ఇరవై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి కొత్తగా గెలిచిన సభ్యురాలు. పిల్లల హాస్టళ్ళలో గదులకి బయట గొళ్ళేలు ఉండకూడదని ఆవిడ ఓ బిల్లు పెడుతోందని తెలియగానే పెన్సిలమ్మ లెక్కలు వేసుకుంది. గొళ్ళెం మాట ఎత్తితే మామయ్యకి తన ఘనకార్యం గుర్తురాక మానదు. భోజనం చేసి వచ్చాక వాడి నోటికి అడ్డూ ఆపూ ఉండదు. తనలాగే సభలో రాసుకునే తోటి ఉద్యోగిని బతిమాలి, బిల్లు చర్చకొచ్చే మధ్యాహ్నం మూడు గంటల వంతు తను తీసుకుంది.

టీచరమ్మ లేచింది.

"అధ్యక్షా, పిల్లలకి ఓటు లేదు. అందుకే వాళ్ళ హాస్టల్‌కి డాక్టరూ లేడు. నేనడిగేది రెండే. వారానికోసారి డాక్టరు రావాలి. ఏ గదికీ బయట గొళ్ళెం ఉండకూడదు. జ్వరమొచ్చిన పిల్ల ఏడిస్తే అది అల్లరి కాదండీ. ఆ పిల్లకి మందు ఇప్పించడం మన దయ కాదు, ఆ పిల్ల హక్కు."

మామయ్య నవ్వుతూ లేచాడు. ఏం వాగినా అచ్చులో బంగారమైపోతుందన్న ధీమా.

"టీచరమ్మా, నువ్వు పాఠాలు చెప్పావు, నేను హాస్టల్ నడిపాను. ఇద్దరు అక్కచెల్లెళ్ళు చెవిపోటని రాగం అందుకున్నారు ఓసారి. డాక్టరు కావాలట, మహారాణులకి! సామాన్ల గదిలో పడేసి గొళ్ళెం పెట్టా. మూడో రోజుకి చిన్నదానికి వినికిడి పోయింది. పుట్టుచెవుడని ఒక్క ముక్క రాశా, గొడవ వదిలింది. హాస్టల్ నడపడమంటే అదీ!"

అటువైపు బెంచీలు పకపకా నవ్వాయి. సభాపతి గడియారం చూసుకున్నాడు గానీ ఆ మాటలు రికార్డులోంచి తొలగించమని అనలేదు. పెన్సిలమ్మ ఈసారి ఒక్క ముక్క సర్దకుండా విన్నది విన్నట్టు టైపు చేసింది.

టైపు కాగితాలు చూసి సెక్షన్ ఆఫీసరుకి ముచ్చెమటలు పోశాయి.

"ఇదేంటమ్మా? కొంచెం సర్దలేకపోయారా?"

"తొలగించమని సభాపతి చెప్పలేదు కదండీ."

"మంత్రిగారు చూస్తే మీ పెన్షన్ గంగలో కలుస్తుంది. ఆయన సంతకం పెడితేనే అచ్చుకి పంపుతా. మీరే పట్టుకెళ్ళండి, నన్ను మాత్రం లాగకండి."

మంత్రి గదిలో నలుగురు కూర్చుని ఉన్నారు. ఆవిడ కాగితాలు బల్లమీద పెట్టింది. వాడు కలం తీశాడు, ఆగాడు.

"మీరు రాస్తే నేను మాట్లాడినదానికన్నా బాగుంటుందమ్మా. ఎక్కడ చదువుకున్నారు?"

"మీ హాస్టల్లోనే సార్."

"చూశారా!" అని వాడు ఆ నలుగురి వైపు తిరిగాడు. "మన చేతుల్లో పెరిగిన పిల్ల! ఎక్కడికి ఎదిగిందో చూడండి!"

మురిసిపోతూ ప్రతి పేజీ కిందా గొలుసుకట్టుగా సంతకం లాగాడు. ఒక్క అక్షరం చదవలేదు, పదకొండేళ్ళలో ఎప్పుడు చదివాడు గనక!

అచ్చయిన కాపీ చేతికి రాగానే టీచరమ్మ సభలో లేచి పేజీ నంబరుతో సహా చదివింది. "నేనలా అననే లేదు" అని మామయ్య గగ్గోలు పెట్టాడు. "సంతకం ఎవరిదండీ మరి?" అంది టీచరమ్మ. పక్క బెంచీల వాళ్ళు మెల్లగా జరిగి కూర్చున్నారు.

మర్నాడు పెన్సిలమ్మకి పిలుపొచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు. రాత్రికి రాత్రే వాడి మొహం పీక్కుపోయింది. అది చూసి ఆవిడకి జాలి కలగలేదు. హాయిగా అనిపించింది, ఇంకాసేపు చూడాలనిపించింది.

"పొరపాటున రాశానని ఒక్క ముక్క రాసివ్వమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నేనూ పట్టుకున్నాను సార్, మీ కాళ్ళు."

వాడు తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. అప్పుడు తెలిసింది వాడికి.

"నువ్వా? మరి... ఆ చిన్నది? ఎక్కడుంది? ఒక్కసారి తీసుకురా తల్లీ. నేనే మాట్లాడతాను, నచ్చజెబుతాను, క్షమించమంటాను."

"మీరు మాట్లాడితే దానికి వినపడదు సార్. అందుకే అచ్చేయించి ఇచ్చాను. పొద్దుటినుంచీ చదువుకుంటోంది" అని చెప్పి పెన్సిలమ్మ తన వంతుకి వేళైందని సభలోకి వెళ్ళిపోయింది.