తాత మొలతాడు

పందొమ్మిది వందల అరవైల్లో నేను బోధన్‌లోని ఒక ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. నర్సింగు నేర్చుకునే అమ్మాయిలకు పాఠాలు కూడా చెప్పేవాణ్ణి. హెర్నియా ఆపరేషన్‌కు మోస్రా నుంచి వచ్చిన ఒక తాత మొలతాడును భారతి అనే విద్యార్థిని కత్తిరించిందనీ, ఆయన బల్ల మీంచి దూకి చెరకు బండ్ల మధ్య పరుగెత్తాడనీ, చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర నేనే పట్టుకున్నాననీ చెప్పి ఇన్నేళ్లుగా అందరినీ నవ్వించాను.

తాత పరుగెత్తలేదు. కత్తెర పట్టింది నేను.

"సార్, జర తాతను అడుగుదాం. మా దిక్కు పానం పోయినంకనే మొలతాడు తెంపుతరు" అంది భారతి.

"నాకే నేర్పుతున్నవా?" అంటూ కత్తిరించేశాను.

తాత నడుము తడుముకుని గోడవైపు తిరిగాడు. "బతికుండంగనే పీనుగును జేసిండ్రు. ఇంక కోసుడెందుకు? ఇంటికి తోలుండ్రి."

ఆపరేషన్ చేయకపోతే బతకడని డాక్టరుగారు చెప్పినా వినలేదు. ఎవరు కత్తిరించారని డాక్టరుగారు అడిగితే నేను భారతిని చూపించాను. ఆమె తిట్లన్నీ తిని, బజారుకు వెళ్లి నల్ల మొలతాడు తెచ్చింది.

"తాతా, నీ చేతులతోని కట్టుకో. కోసేటప్పుడు జర పైకి జరుపుతం, తెంపం."

తాత కట్టుకుని, ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. బల్ల ఎక్కుతూ నాతో, "పంతులూ, గీ బిడ్డ దగ్గర నేర్చుకో" అన్నాడు.

నేర్చుకున్నాను. ముసలివాళ్ల ఒంటి మీద దేన్ని ముట్టుకున్నా ముందు అడగాలని ఆ తర్వాత ప్రతి తరగతిలో చెప్పాను. ఆ పాఠంలో కూడా కత్తెరను భారతి చేతికే ఇచ్చాను.